నడిస్తే చాలన్నది ఎవరు?

"ఈ వయసులో నీకు బరువులేంటి? పొద్దున్నే ఓ అరగంట నడువు, చాలు." దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా అరవై దాటిన ప్రతి మనిషికీ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు. కొడుకు చెబుతాడు, కోడలు చెబుతుంది, అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ కూడా చెబుతాడు. బీపీ చూసి మందులు రాసే డాక్టరు, బయట ఇంకా బోలెడుమంది టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉండగా, చీటీ చివర "వాకింగ్" అని గీకి పంపించేస్తాడు. ఇంతమంది ఒకే మాట అంటుంటే అది నిజమే అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నా వాదన ఏమిటంటే, అందులో నిజం సగమే. నడవమనే సగం మంచిదే. బరువు ముట్టుకోవద్దనే మిగతా సగం మన పెద్దవాళ్లను మంచానికి దగ్గర చేస్తోంది.

నడకను తిట్టడం నా పని కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ పిల్లల కోసం ఏర్పడిన విక్టోరియా మెమోరియల్ హోమ్ ఆవరణ ఎల్‌బీ నగర్ వైపు ఇంత కాంక్రీటు మధ్య ఇంకా మిగిలి ఉండటం మన అదృష్టం. తెల్లారకముందే అక్కడికి వచ్చేవాళ్లు, సరూర్‌నగర్ చెరువు పక్కన ప్రియదర్శిని పార్కులో తిరిగేవాళ్లు, హరిణ వనస్థలిలో చెట్ల కింద నడిచేవాళ్లు, వీళ్లంతా దేశం మొత్తం మీద చూస్తే మెరుగైన సగంలో ఉన్నట్టే. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వేసిన లెక్క ప్రకారం మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్లలోనైతే 57 శాతం. అలాంటి చోట రోజూ నడిచే మనిషిని చూసి దండం పెట్టాలి. గుండెకు, షుగరుకు, మనసుకు నడక చేసే మేలు కాదనలేనిది.

అయితే ఆ మేలుకు ఓ హద్దుంది. దాన్ని చెప్పకుండా పదివేల అడుగులంటూ చేతికి గడియారాలు కట్టించారు. ఆ పదివేల అంకె ఏ అధ్యయనమూ తేల్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. 2019లో సగటున 72 ఏళ్ల అమెరికన్ స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లకే, 2,700 వేసేవాళ్లకంటే మరణ ముప్పు చాలా తక్కువగా కనిపించింది. దాదాపు 7,500 దగ్గర ఆ లాభం పెరగడం ఆగిపోయింది. అంటే ఏడున్నర వేలు నడిచి ఇంటికొచ్చి, మిగిలిన రెండున్నర వేల కోసం హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసే పెద్దమనిషి ఆ సమయాన్ని ఇంకో పనికి వాడుకోవచ్చు. ఆ ఇంకో పని గురించే ఈ గొడవంతా.

చదును దారి మీద నడవడానికి తొడ కండరం తన బలంలో కొంచెమే వాడుతుంది. అడగని బలాన్ని శరీరం ఉంచుకోదు. నడివయసు దాటాక కండ ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది, బలం అంతకంటే వేగంగా తగ్గుతుంది. పదేళ్లుగా ఒక్క రోజూ వాకింగ్ మానని మనిషికి కూడా ఇది జరుగుతుంది, పైగా తెలియకుండా జరుగుతుంది. తెలిసేది దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. కానీ బస్సు మొదటి మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు. కుడికాలు మెట్టు మీద పెట్టి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, వెనక నుంచి ఎవరో "ఎక్కు పెద్దమ్మా, ఎక్కు" అంటూ ఆసరా ఇస్తే గానీ పైకి లేవని ఒళ్లు చూడండి. ఆమెకు ఆయాసం లేదు, గుండె బాగానే ఉంది. లేనిది తొడలో బలం. సరూర్‌నగర్ రైతుబజారు దాకా నడిచి వెళ్లగలిగిన మనిషి, అక్కడ కొన్న ఆరు కిలోల కూరగాయలు మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కలేకపోవడం కూడా ఇదే. ఎంత నడిచినా ఆ లోటు తీరదు.

తీరే దారి ఉందా అంటే ఉంది. అది 35 ఏళ్ల క్రితమే తేలింది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఒక వృద్ధాశ్రమంలో సగటు వయసు 90 ఉన్న పదిమందిని తీసుకుంది. చేతికర్రలు, కీళ్లనొప్పులు, గుండెజబ్బులు, అన్నీ ఉన్నవాళ్లే. వాళ్ల కాళ్లతో బరువులు ఎత్తించింది, అదీ మొక్కుబడిగా కాదు, ఒక్కొక్కరు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. ఒకరు మధ్యలో మానేశారు. తొమ్మిదిమంది 8 వారాలు పూర్తిచేశారు. వాళ్ల తొడ బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తొంభై ఏళ్లు! మన దగ్గర అరవై రెండేళ్ల రిటైర్డ్ హెడ్‌మాస్టారి చేతిలోంచి గ్యాస్ సిలిండర్ లాక్కుని "మీరు ముట్టుకోకండి అంకుల్" అంటాం. ఆ అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఎత్తడం మానేసిన 4 వారాల్లోనే వాళ్ల బలం దాదాపు మూడోవంతు జారిపోయింది. వాడుకుంటేనే ఉంటుంది.

నాలుగేళ్ల తర్వాత ఆ బృందమే సగటు వయసు 87 ఉన్న వందమందితో పరీక్ష చేసింది. బరువులు ఎత్తినవాళ్లకు బలం రెట్టింపును మించింది. వ్యాయామం లేకుండా పోషకాల ద్రవం మాత్రమే తాగినవాళ్లకు బలహీనత తగ్గలేదు. ముసలితనానికి శక్తినిచ్చే పొడి అంటూ టీవీలో పొద్దస్తమానం వచ్చే ప్రకటనలు చూసి డబ్బాలు కొనేవాళ్లు ఈ వాక్యాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవచ్చు.

ఇక మోకాళ్లు. అసలు అడ్డంకి ఇక్కడే. "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది, ఇంకా వాడితే మొత్తం పోతుంది." చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగి కొత్తపేట వైపు పది అడుగులు వేస్తే చాలు, మోకాలి చిప్పల మార్పిడి బోర్డులు కనిపిస్తాయి. బోర్డు మీద రెండు ఎముకలు రాసుకుంటున్న బొమ్మ, మధ్యలో ఎర్రటి మంట. ఆ బొమ్మ మన బుర్రల్లో ఎంతగా నాటుకుందంటే, మోకాలు అంటే టైరు అని, ఇన్ని కిలోమీటర్లు తిరిగితే ఇంత అరుగుతుందని, అందుకే దాచుకుని వాడుకోవాలని నమ్మేశాం. టైరుకు ప్రాణం లేదు. గుజ్జుకు ఉంది. దానికి రక్తనాళాలు లేవు గనుక ఆహారం కీలులోని ద్రవం నుంచే అందాలి, ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడాలంటే కీలు మీద బరువు పడుతూ లేస్తూ ఉండాలి. పూర్తిగా విశ్రాంతినిచ్చిన కీలు ఎండుతుంది. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సరదాగా పరుగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందికే కనబడింది. కదలకుండా కూర్చునేవాళ్లలో అది 10.2 శాతం. పోటీల కోసం విపరీతంగా పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. మితిమీరితే ముప్పే, ఒప్పుకుందాం. మన కాలనీల్లో ఆ ముప్పుకు దరిదాపుల్లో ఎవరున్నారు?

అరుగుదల వచ్చేసినవాళ్ల సంగతో? అక్కడైతే ఈ అపోహ మరీ తలకిందులు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు కీళ్ల అరుగుదల ఉన్న అందరికీ కండరాల బలం పెంచే వ్యాయామాన్ని చికిత్సలో ప్రధానంగా పెట్టాయి. మొదట్లో నొప్పి కొంచెం పెరగొచ్చని కూడా పేషంటుకు ముందే చెప్పమన్నాయి. ఈ చివరి మాట మన దగ్గర ఎవరూ చెప్పరు. అందుకే రెండు రోజులు బస్కీలు తీసి, మూడోరోజు కాస్త నొప్పి రాగానే "చూశావా, చెప్పానా" అని ఇంట్లోవాళ్లు విజయం ప్రకటించేస్తారు. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలి మీద పడే దెబ్బను అది కాస్తుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కూడా మర్నాటి నుంచి ఫిజియోథెరపిస్టు చేయించేది ఆ కండ వ్యాయామమే. ఆపరేషన్ తర్వాత తప్పని పని ఆపరేషన్‌కు ముందు పాపం ఎలా అయింది?

ఈ భయం ఒక్క వ్యాయామం దగ్గరే ఆగలేదు. ఇళ్లలోకి, గుళ్లలోకి, పెళ్లిళ్లలోకి వచ్చింది. మన ముందు తరం రోజూ ఎన్నిసార్లు నేల మీద కూర్చుని లేచేదో లెక్కే లేదు. పీట మీద భోజనం, కత్తిపీట ముందు కూర, రోట్లో పచ్చడి, పెరట్లో గొంతుక్కూర్చోవడం. ఇప్పుడు డైనింగ్ టేబుల్, కుర్చీ, కమోడ్. భజనకు వెళ్తే పెద్దవాళ్లకు వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. వ్రతం దగ్గర దంపతులకు స్టూళ్లు. మర్యాద కొద్దీ వేస్తున్నాం, నిజమే. కానీ యాభై అయిదేళ్లకే "నేను కింద కూర్చోలేను" అని చెప్పుకోవడం హోదా అయింది. 2012లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 80 ఏళ్ల మధ్యనున్న రెండువేల మందికి పైగా జనాన్ని నేల మీద కూర్చుని లేవమని చెప్పి, చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ మార్కు తగ్గించారు. తర్వాతి ఆరేళ్లలో, అతి తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో మరణ ముప్పు బాగా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకంటే అయిదు రెట్లు మించింది. కుర్చీ వేసినవాడు చంపాడని దీనర్థం కాదు. నేల నుంచి లేవలేని ఒంట్లో ఇంకా చాలా తగ్గిపోయి ఉంటాయి, లేవలేకపోవడం వాటికి గుర్తు మాత్రమే. అయినా ఆ గుర్తును రోజూ చూసుకునే అవకాశాన్ని మనమే చేజేతులా తీసేసుకున్నాం.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పుడు సలహాకు ఎక్కువ మూల్యం కడుతున్నది వాళ్లు. నెలసరి ఆగాక ఎముక వేగంగా పలచబడుతుంది. అప్పుడు మన సలహా ఏమిటి? కాల్షియం మాత్ర వేసుకో, బిందె ఎత్తకు. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీల మీద, అందరూ 58 దాటినవాళ్లే, ఒక పరీక్ష చేసి 2018లో ఫలితాలు వేశారు. వాళ్లలో దాదాపు సగం మందితో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు బరువైన కమ్మీ నేల మీంచి ఎత్తించారు, భుజాల మీద పెట్టి గుంజీళ్లు తీయించారు, తలపైకి ఎత్తించారు. శిక్షకులు పక్కనే ఉన్నారు. వాళ్ల వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు తగ్గింది. ఎత్తినవాళ్లలో ఎవరి ఎముకా విరగలేదు. బిందె ఎత్తొద్దన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడలేదు.

"బాత్‌రూంలో జారిపడ్డారు" అని ఫోన్లు వస్తాయి. అందరూ తడి బండను తిడతారు. అదే బండ మీద మనవడు కూడా జారతాడు, కానీ ఇంకో కాలు చటుక్కున ముందుకు వేసి ఆగుతాడు. తాతకు ఆ కాలు వేగంగా రాదు. పడిపోవడాల వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో అయిదోవంతు నుంచి మూడోవంతు దాకా ఏడాదిలోపే పోతారని చాలా దేశాల్లో చూశారు. అందుకే ఆ సంస్థ 2020లో ఇచ్చిన సలహాలో 65 దాటినవాళ్లకు వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. కనీసం రెండు రోజులు కండబలం కోసం, మూడు రోజులు నిలకడ కోసం వ్యాయామం చేయమంది. మన చీటీల మీదికి మొదటి ముక్కే చేరింది.

ఇప్పుడు ఎదుటివాళ్ల బలమైన వాదన. "బరువులు మంచివైతే హమాలీలు వందేళ్లు బతకాలి కదా?" కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నంతకాలం, అంటే 2021లో అది బాటసింగారానికి తరలిపోయేదాకా, ఎండాకాలం తెల్లవారుజామున మామిడికాయ లారీల దగ్గర ఆ మనుషులను ఈ ప్రాంతంలో అందరూ చూశారు. వాళ్ల నడుములు, మెడలు యాభైకే ఎలా అయ్యాయో కూడా చూశారు. ఈ వాదనను నవ్వి తీసెయ్యలేం. కానీ హమాలీకి ఇవాళ ఎంత ఎత్తాలో తేల్చేది అతని ఒళ్లు కాదు, లారీ. నొప్పి వచ్చిందని ఆగితే ఆ పూట కూలి పోతుంది. వారానికి రెండుసార్లు, అరగంట, ఎత్తగలిగినంతే ఎత్తి, మధ్యలో రెండు రోజులు ఆగి, తిండి సరిగ్గా తిని, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. అతన్ని విరగ్గొట్టింది మోతాదు. ఉప్పు ఎక్కువైతే కూర చెడుతుందని ఉప్పే మానేసిన ఇల్లు నేను చూడలేదు.

"మా అమ్మ ఏ జిమ్ముకు పోయింది?" అని ఇంకొకరు అడుగుతారు. పోలేదు. బావిలోంచి నీళ్లు చేదింది, విసుర్రాయి తిప్పింది, వడ్లు దంచింది. ఆవిడ చేసిందంతా బరువుల వ్యాయామమే. ఆ పనులన్నీ మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కు, పనిమనిషికి అప్పగించి, ఆవిడ ఆరోగ్యం మాత్రం వారసత్వంగా రావాలంటే ఎలా? యోగా ఉంది కదా అంటారు కొందరు. ఉంది, మంచిదే. కానీ కాలనీ హాళ్లలో జరిగేదాంట్లో ఎక్కువభాగం కుర్చీలో కూర్చుని ప్రాణాయామం. దానివల్ల తొడలకు పని పడదు.

భయపడాల్సినవాళ్లు లేకపోలేదు. బీపీ అదుపులో లేనివాళ్లు, ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లు, కంటి లోపల షుగరు వల్ల రక్తస్రావం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బరువు జోలికి పోకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. అయితే గుండె పేరు చెప్పి అందరినీ ఆపడం తప్పు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో, గుండెజబ్బు ఉన్నవాళ్లతో సహా, బరువుల వ్యాయామం క్షేమమేనని, బీపీని తగ్గిస్తుందని చెప్పింది. అలాగే జ్వరం వచ్చాక నెలరోజులు మంచం దిగనివ్వని ప్రేమ గురించి ఒక లెక్క. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పదిరోజులు మంచంలో ఉంచితే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో ఒక అధ్యయనం చూపింది. డెంగీ తర్వాత అత్తగారిని నెల పడుకోబెట్టిన కోడలికి ఎవరైనా ఇది చెప్పాలి, నెమ్మదిగానే.

ఎక్కడ చేయాలన్నది మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లలాగే జిమ్ములూ చాలానే ఉన్నాయి. గోడల నిండా పొట్ట పలకలు చూపించే కుర్రాళ్ల ఫోటోలు, చెవులు చిల్లులుపడే పాటలు. అరవై అయిదేళ్ల మనిషి మెట్లెక్కి లోపలికి వస్తే రిసెప్షన్‌లో "ఎవరి కోసం వచ్చారంకుల్?" అంటారు. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే యంత్రాలను పాట ఆపి, ఓపికున్న ఒక శిక్షకుణ్ని పెట్టి, పెద్దవాళ్లకు తెరిస్తే వ్యాపారం కూడా పెరుగుతుందన్న ఆలోచన వాళ్లకు ఎందుకు రాలేదో. పార్కుల్లో జీహెచ్‌ఎంసీ పెట్టిన ఓపెన్ జిమ్ములు మంచి ఉద్దేశంతో పెట్టినవే, కానీ వాటిలో చాలావాటికి బరువు పెంచే వీలు లేదు. గాల్లో కాళ్లు ఊపుకుంటూ కబుర్లు చెప్పుకోవడానికి పనికొస్తాయి.

అందాకా ఇల్లు చాలు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఛాతీకి కట్టుకుని లేచి కూర్చోవడం. అది తేలికైతే చేతిలో రెండు కిలోల పప్పు సంచి, తర్వాత అయిదు కిలోల బియ్యం సంచి. గోడను నెట్టే దండీలు, మడమలెత్తడం, బ్రష్ చేసుకునేటప్పుడు సింకు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. పది పన్నెండు సార్లు చేసేసరికి చివరి రెండూ కష్టం అనిపించాలి. అనిపించకపోతే అది వ్యాయామం కాదు, కాలక్షేపం. తిండి కూడా చూసుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే అరవై కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. గుట్టంత అన్నం మీద నీళ్లచారు పోసుకుంటే అది రాదు. డబ్బాల్లో పొడులు అక్కర్లేదు, ఆ సంస్థే 2024లో వద్దంది. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు, శనగలు.

ఎంత బలం ఉందో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి అమెరికా ప్రజారోగ్య సంస్థ వాడుతుంది. ముప్పై సెకన్లలో, చేతుల ఆసరా లేకుండా, కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరు? 65 నుంచి 69 మధ్య మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువైతే పడిపోయే ముప్పు ఉన్నట్టు. "నాకు వాకింగ్ చాలు" అనేవాళ్లతో వాదించే ముందు ఈ ముప్పై సెకన్లు అడుగుతాను.

పండ్ల మార్కెట్ పోయిన స్థలంలో ప్రభుత్వం టిమ్స్ పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసింది. ఆ ఆసుపత్రిలో పెద్దవాళ్ల బలం కోసం ఒక గది ఉండాలని ఈ చుట్టుపక్కల కాలనీ సంఘాలు, వాకర్స్ అసోసియేషన్లు గట్టిగా అడగాలి. ఓపీ పక్కనే, మెట్లు లేకుండా, ఒక ఫిజియోథెరపిస్టు, కొన్ని కుర్చీలు, కాలికి కట్టే ఇసుక బరువులు, డంబెల్స్, గోడకు పట్టుకునే కమ్మీలు. బీపీ మందు రాసిన డాక్టరు పేషంటును నేరుగా ఆ గదికే పంపించాలి. ఒక్క మోకాలి చిప్ప మార్చడానికయ్యే డబ్బుతో ఆ సామాను దాదాపు అంతా వచ్చేస్తుంది.